పెద్ద పని చివర్లోనే వస్తుంది

(మా ఊరి తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



"కంప్యూటర్ల గురించి తెలుగులో ఓ అరగంట మాట్లాడతారా?" అని కార్యవర్గం వారు అడిగితే వెనకా ముందూ చూడకుండా ఒప్పేసుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్తే, "మీరు తెలుగులో మాట్లాడగలరు, కంప్యూటర్ల గురించీ మాట్లాడగలరు. రెండూ ఒకేసారి మీ వల్ల కాదు" అంది. ఆ మాట అబద్ధం చెయ్యాలని వారం రోజులుగా కుస్తీ పడుతున్నాను. మధ్యలో ఇంగ్లీషు ముక్కలు దొర్లితే పెద్దలు మన్నించాలి.

ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగం గురించి మా అమ్మ ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అసలు నువ్వక్కడ ఏం చేస్తావురా?" అని. చాలా ఏళ్ళు తడబడ్డాను గాని ఇప్పుడు సమాధానం దొరికింది. వచ్చిన పనిని ఏ మిషన్‌కి అప్పజెప్పాలో చెప్పే ప్రోగ్రాములు రాస్తానమ్మా, అంతే. మీరు ఫోన్లో ఏదైనా నొక్కితే ఎక్కడో ఒక పెద్ద హాల్లో వరసగా పేర్చిన వేల సర్వర్లలో ఏదో ఒకటి దాన్ని అందుకోవాలి. ఏది అందుకోవాలి? అదీ సమస్య. ఇంజనీర్లు దీన్ని లోడ్ బ్యాలెన్సింగ్ అంటారు. మా అమ్మ మాత్రం "ఓహో, పెళ్ళిలో మేస్త్రీ పనన్నమాట" అంది. నాకంటే ఆవిడే బాగా చెప్పింది.

ఇందులో ఒక శాఖ పేరు ఆన్‌లైన్ ఆల్గోరిథమ్స్. ఆన్‌లైన్ అంటే ఇంటర్నెట్ అనుకునేరు, ఇక్కడ ఆ మాటకి అర్థం వేరు. పనులు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. వచ్చినదాన్ని వచ్చినప్పుడే ఎవరో ఒకరికి అప్పజెప్పాలి. తర్వాత ఏం వస్తుందో తెలియదు. అప్పజెప్పాక వెనక్కి తీసుకోకూడదు. ఇదీ ఆన్‌లైన్. పనులన్నీ ముందే జాబితాగా చేతిలో ఉంటే అది ఆఫ్‌లైన్. పెళ్ళికి నెల ముందు అందరూ కూర్చుని పనులు కాగితం మీద రాసి పంచుకోవడం ఆఫ్‌లైన్. పెళ్ళినాడు పొద్దున్నే విడిదింటి గుమ్మంలో నిలబడి, "కాఫీ ఏదండీ" అన్నవాడికీ, "పురోహితుడి గారి కారు ఆగిపోయిందట" అన్నవాడికీ సమాధానం చెప్పడం ఆన్‌లైన్. మన జీవితం ఈ రెంటిలో ఏ కోవలోకి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. శనివారం సాయంత్రం, మన ఇండియన్ స్టోరు, రెండు కౌంటర్లు. వచ్చినవాళ్ళని ఏ కౌంటరుకి పంపాలో చెప్పే పని మీది. ఒకసారి పంపాక ఇటువాళ్ళని అటు మార్చకూడదు. ఇద్దరు వచ్చారు, ఒక్కొక్కరికీ ఒక నిమిషం పని. మూడోవారు వస్తారో రారో, వస్తే ఎంత సామానుతో వస్తారో మీకు తెలియదు. ఏం చేస్తారు?

చెరో కౌంటరుకి పంపిస్తాం అంటారు, సహజంగా. సరే, వెంటనే వెనక నుంచి బండి నిండా సామానుతో ఇంకొకాయన వచ్చారు, ఆయనది రెండు నిమిషాల పని. ఎటు పంపినా ఆ కౌంటరు ఖాళీ అయ్యేసరికి మూడు నిమిషాలు. ఈయన వస్తారని ముందే తెలిసి ఉంటే మొదటి ఇద్దరినీ ఒకవైపు, ఈయన్ని రెండోవైపు పంపేవాళ్ళం. అంతా రెండు నిమిషాల్లో అయిపోయేది. మూడుకి రెండు, అంటే ఒకటిన్నర రెట్లు నష్టం.

"అయితే మొదటి ఇద్దరినీ ఒకే కౌంటరుకి పంపి, రెండోది ఖాళీగా అట్టే పెడతాం" అని తెలివిగా అనొచ్చు. అప్పుడు మూడోవారు అసలు రారు! ఒక నిమిషంలో అయ్యే పనికి రెండు నిమిషాలు పట్టింది, ఇంకో కౌంటరు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. ఈసారి నష్టం రెండు రెట్లు. అంటే మీరు ఎంత తెలివిగలవారైనా రెండు కౌంటర్లతో ఒకటిన్నర రెట్ల కంటే తక్కువ నష్టానికి ముందుగా హామీ ఇవ్వలేరు. మీరు వేసే ఎత్తు చూసి పైఎత్తు వేసే ప్రత్యర్థి ఒకడున్నాడని ఊహించి ఈ లెక్కలు వేస్తారు. మనవాళ్ళు వాడికి ఎప్పుడో పేరు పెట్టారు, విధి అని.

ఈ విషయాన్ని మొదట పద్ధతిగా లెక్కకట్టినవాడు రోనాల్డ్ గ్రాహం. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన గణితవేత్త. ఈయన బంతులు ఎగరేసి పట్టే విద్యలో కూడా ఘనుడు, ఆ విద్య అభ్యసించేవారి అంతర్జాతీయ సంఘానికి ఒకప్పుడు అధ్యక్షుడుగా కూడా ఉన్నాడు. 2020లో పోయాడు. చేతులు రెండే, గాల్లో బంతులు బోలెడు. ఆయన ఈ సమస్య ఎందుకు పట్టుకున్నాడో నాకు ఇట్టే అర్థమైంది.

1966లో ఆయన ప్రచురించిన వ్యాసంలో ఒక సులువైన పద్ధతి ఉంది. వచ్చిన పనిని ఆ క్షణాన అందరికంటే తక్కువ భారం ఉన్న మిషన్‌కి ఇచ్చెయ్యి, అంతే. దీనికి పీహెచ్‌డీ ఎందుకండీ, మా అమ్మమ్మ కూడా చెప్పేది అంటారు కదా. నిజమే. ఆయన గొప్పతనం పద్ధతి చెప్పడంలో లేదు, ఆ పద్ధతి ఎంత చెడ్డగా తప్పినా ఎంతవరకు తప్పగలదో తేల్చడంలో ఉంది. మిషన్లు ఎన్నున్నా, పనులు ఏ వరసలో వచ్చినా, అన్నీ ముందే తెలిసినవాడు చేసేదానికి రెండింతల కంటే తక్కువలోనే ఇది ముగించేస్తుంది.

దీని రుజువు కూడా ఇక్కడ కాఫీ చల్లారేలోగా చెప్పెయ్యొచ్చు. అన్నిటికంటే ఆఖర్న ముగిసిన పనిని పట్టుకోండి. అది మొదలయ్యేదాకా ఒక్క మిషనూ ఖాళీగా లేదు. ఖాళీ ఉంటే దానికే ఇచ్చి ఉండేవాళ్ళం కదా. అందరూ ఊపిరాడకుండా పనిచేస్తున్న ఆ సమయం సర్వజ్ఞుడికి కూడా తప్పదు, ఎందుకంటే అంత పనీ ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. ఇక మిగిలింది ఆ ఆఖరి పని ఒక్కటి. దాన్ని మాత్రం సర్వజ్ఞుడు తప్పించుకోగలడా? లేడు. రెండు భాగాల్లో ఏదీ సర్వజ్ఞుడి మొత్తం సమయాన్ని దాటదు కనుక కలిపినా రెండింతలు దాటదు. అయిపోయింది రుజువు.

నష్టం బాగా ఎక్కువయ్యేది ఎప్పుడో కూడా గ్రాహం చూపించాడు. ముగ్గురు పనివాళ్ళు ఉన్నారనుకోండి. ఒక్కో గంట పనులు ఆరు వచ్చాయి. సమానంగా తలా రెండు పంచాం. ముచ్చటగా ఉంది, ఎవరికీ ఫిర్యాదు లేదు. అప్పుడు ఏడో పని వచ్చింది, అది మూడు గంటల పని. ఎవరికిచ్చినా వాళ్ళకి రెండూ మూడూ అయిదు. ముందే తెలిసి ఉంటే ఆరు చిన్న పనులూ ఇద్దరికి చెరి మూడూ ఇచ్చి, మూడోవాడిని ఈ పెద్ద పనికి అట్టే పెట్టేవాళ్ళం. అందరికీ మూడేసి గంటలతో సరిపోయేది. అయిదుకి మూడు. ఈ ఆరు చిన్న పనులూ ఒక పెద్ద పనీ గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను వీటి దగ్గరికి.

పనులు ముందే తెలిస్తే ఎంత లాభమో కూడా గ్రాహమే 1969లో చెప్పాడు. జాబితాని పెద్ద పని నుంచి చిన్న పనికి వరసలో పెట్టి అదే పద్ధతిలో పంచితే ముగ్గురు పనివాళ్ళతో నష్టం ఎప్పుడూ తొమ్మిదికి పదకొండు దాటదు. అంటే ఇరవై రెండు శాతం చిల్లర. ముందే తెలియకపోతే అరవై ఏడు శాతం దాకా పోవచ్చు. ఈ రెంటికీ మధ్య తేడాయే భవిష్యత్తు తెలియనందుకు మనం కట్టే పన్ను.

1985లో స్లీటర్, టార్జన్ అనే ఇద్దరు ఈ ఆలోచనని వేరే సమస్యలకి కూడా వర్తింపజేశారు. ఆన్‌లైన్ పద్ధతి ఏదైనా సరే, అన్నీ ముందే తెలిసినవాడితో పోల్చి, ఎన్ని రెట్ల లోపల ఉందో చెప్పడమే దానికి కొలత అన్నారు. నాకు ఈ కొలత చాలా నచ్చుతుంది. ఎందుకంటే మనమంతా దీన్ని రోజూ తప్పుగా వాడతాం. "అప్పుడే ఆ ఇల్లు కొని ఉంటే", "అప్పుడే ఇండియా వెళ్ళిపోయి ఉంటే" అని సర్వజ్ఞుడితో పోల్చుకుని కుమిలిపోతాం. ఈ శాస్త్రం కూడా సర్వజ్ఞుడితోనే పోలుస్తుంది గాని, ఆ తర్వాత ఒక మాట అడుగుతుంది. "నీకు తెలిసినంతలో ఇంతకంటే మంచి హామీ ఇవ్వగల పద్ధతి ఉందా?" లేదని తేలితే, నష్టం నష్టమే గాని నేరం కాదు.

మధ్యలో ఒక వంటింటి కథ. మనుషులు పెరిగితే పని త్వరగా అవుతుందనుకుంటాం. మొదట చెప్పిన 1966 వ్యాసంలోనే గ్రాహం దీనికి ఎదురు లెక్క ఒకటి ఇచ్చాడు. ఆ అంకెలే తీసుకుని మన ఉగాది వంటకి అమర్చాను. ముగ్గురు వలంటీర్లు, తొమ్మిది పనులు. జాబితాలో వరస ఇది. పూర్ణం తయారుచెయ్యడం 30 నిమిషాలు. కూరలు తరగడం 20. కొబ్బరి కోరడం 20. గారెల పిండి రుబ్బడం 20. తర్వాత నాలుగు వాయిల గారెలు, ఒక్కో వాయి 40. చివరగా బొబ్బట్లు 90. పూర్ణం అయితేగాని బొబ్బట్లు మొదలవవు. పిండి అయితేగాని గారెలు మొదలవవు. ఒక పని ఒక్కరే చెయ్యాలి. చెయ్యి ఖాళీ అయినవాళ్ళు ఊరికే నిలబడకుండా, జాబితాలో పైనుంచి చూసి, మొదలుపెట్టగలిగిన మొదటి పని తీసుకోవాలి.

ముగ్గురితో ఎలా నడుస్తుందంటే, 20 నిమిషాలకి తరగడం, కోరడం అయిపోతాయి. ఒకరు పిండి పడతారు, ఒకరు చేసేదేం లేక నిలబడతారు. 30కి పూర్ణం ముగించినావిడ, గారెలకి పిండి ఇంకా తయారవలేదు కనుక, నేరుగా బొబ్బట్లు ఎత్తుకుంటుంది. 40కి పిండి అయి, మిగతా ఇద్దరూ చెరి రెండు వాయిలు వేస్తారు. సరిగ్గా 120 నిమిషాలకి అన్నీ ఒకేసారి ముగుస్తాయి.

ఇప్పుడు "నేనూ వస్తానండీ సాయానికి" అని నాలుగో మనిషి వచ్చారు. పిండి మొదట్లోనే మొదలై 20కే అయిపోయింది. ముగ్గురు గారెలకి కూర్చున్నారు. 30కి పూర్ణం ముగించినావిడ జాబితా చూస్తే పైన నాలుగో వాయి కనిపిస్తోంది. తీసుకుంది. బొబ్బట్ల దగ్గరికి చెయ్యి వెళ్ళేసరికి 60 నిమిషాలు. అక్కణ్ణుంచి 90. మొత్తం 150! మనిషి పెరిగాడు, ఎవరూ బద్ధకించలేదు, అరగంట ఆలస్యం. మా ఆఫీసులో రాత్రిపూట నడిచే పనులకి ఓసారి కొత్త సర్వరు చేర్చాక సరిగ్గా ఇలాగే జరిగింది. కారణం ఏమిటో తెలియక రెండు రోజులు జుట్టు పీక్కున్నాం. ఎదురుగా ఉన్న చిన్న పనికి చెయ్యి వేస్తూ పోయి, వెనకాల ఉన్న పెద్ద పనిని ఆలస్యం చెయ్యడం. తప్పు అక్కడుంది.

మరి నిజంగా వేల సర్వర్లున్న చోట ఏం చేస్తారని కుర్రాళ్ళు అడుగుతారు. వేల మందిలో ఎవరికి తక్కువ పనుందో ప్రతిసారీ అందరినీ అడగాలంటే అడగడానికే రోజు సరిపోదు. పోనీ కళ్ళు మూసుకుని ఎవరికో ఒకరికి ఇచ్చేద్దామంటే కొందరి నెత్తిన కుప్ప పడుతుంది. 1994లో అజార్, బ్రోడర్, కార్లిన్, ఉప్‌ఫాల్ అనేవారు ఒక చక్కటి మధ్యేమార్గం లెక్కకట్టారు. అందరినీ అడక్కు, ఇద్దరిని అడుగు. ఎవరో ఇద్దరిని గుడ్డిగా ఎంచుకుని, వాళ్ళలో తక్కువ పని ఉన్నవాడికివ్వు. పది లక్షల సర్వర్లకి పది లక్షల పనులు గుడ్డిగా పంచితే ఎవరో ఒకరి నెత్తిన ఎనిమిదో తొమ్మిదో పడతాయి. ఇద్దరిని అడిగి పంచితే అది నాలుగు దగ్గర ఆగిపోతుంది. ఒక్క ప్రశ్న అదనంగా అడిగినందుకు భారం సగమైంది. "నీకు కుదురుతుందా, నీకు కుదురుతుందా" అని ఇద్దరిని అడగడం. ఇంతే.

ఇక ఆ ఆరు చిన్న పనులూ ఒక పెద్ద పనీ.

గ్రాహం పద్ధతిని మెరుగుపరచగలమా అని చాలామంది ప్రయత్నించారు. మిషన్లు బాగా ఎక్కువున్నప్పుడు వీలవుతుందని 1992లో బార్టల్, ఫియట్, కార్లాఫ్, వోహ్రా చూపించారు. 2000 నాటికి ఫ్లైషర్, వాల్ ఆ హామీని 1.9201 దాకా తెచ్చారు. వీటన్నిటి కిటుకూ ఒకటే. అందరికీ సమానంగా నింపెయ్యకు, కొందరిని కావాలని కాస్త తేలిగ్గా ఉంచు, రేపు పెద్ద పని రావచ్చు. కాని మిషన్లు రెండే అయినా, మూడే అయినా, గ్రాహం పద్ధతిని మించి హామీ ఇచ్చేది లేదని ఫైగ్లే, కెర్న్, తురాన్ 1989లోనే తేల్చేశారు.

మూడే అయితే అన్నాను కదా. మా ఇంట్లో మేం ముగ్గురం. అక్క భీమవరంలో, అన్నయ్య హైదరాబాదులో, నేనిక్కడ. నాన్నా అమ్మా భీమవరం దగ్గర పల్లెటూళ్ళో ఉండేవాళ్ళు. ఏళ్ళ తరబడి చిన్న చిన్న పనులు వచ్చేవి, పంచుకునేవాళ్ళం. డబ్బూ, ఇన్సూరెన్సూ నావి. పొలం కాయితాలూ, పెద్ద డాక్టర్ల దగ్గరికి తిప్పడం అన్నయ్యవి. నెలనెలా మందులూ, వారం వారం వెళ్ళి చూసి రావడం అక్కవి. ఎవరి చేతిలో పని తక్కువుంటే వాళ్ళు అందుకునేవాళ్ళం. ఎవరికీ ఫిర్యాదు లేదు. తలా రెండు, ముచ్చటగా.

2021 అక్టోబరులో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది. ఏడో పని. పెద్దది. దగ్గరగా ఉంది కనుక అక్క అందుకుంది. అందుకోవాలని ఎవరం అనలేదు, అందుకోవద్దనీ ఎవరం అనలేదు. మూడు నెలలకి తను పనిచేసే స్కూలుకి రాజీనామా ఇచ్చి, అమ్మావాళ్ళింటికి మారిపోయింది. బావగారు భీమవరంలో హోటలు భోజనం. నేను ప్రతి ఆదివారం ఫోను చేసి, "నీ ఋణం తీర్చుకోలేమే అక్కా" అనేవాణ్ణి. డబ్బు కొంచెం ఎక్కువ పంపేవాణ్ణి. అలా పధ్నాలుగు నెలలు.

ఒక ఆదివారం అదే మాట అన్నాను. అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "ఒరేయ్, మీ ఇద్దరూ నన్ను పొగడ్డం ఆపండిరా. నేను రాత్రి నిద్రపోయి ఏడాదైంది. వచ్చి రెండు నెలలు నాన్న పక్కన మంచం వేసుకుని పడుకోండి."

ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. ఆఫీసులో పదిమందికి పాఠం చెప్పే మనిషిని. రెండూ మూడూ అయిదు అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. ఆ అయిదు ఎవరి నెత్తిన పడిందో చూడలేదు. నా దృష్టిలో లెక్క ఎప్పుడో తేలిపోయింది. పని అక్కకి అప్పజెప్పడం అయింది, ఇక అది అక్కది.

మొదట్లో ఆన్‌లైన్ సమస్యకి నిబంధనలు చెప్పాను, గుర్తుందా? తర్వాత ఏం వస్తుందో తెలియదు, అప్పజెప్పాక వెనక్కి తీసుకోకూడదు అని. మొదటిది విధి పెట్టింది. రెండోది ఎవరు పెట్టారు? మిషన్ల లోకంలో కూడా ఈ రెండో నిబంధన సడలించి చూసినవాళ్ళున్నారు. ఒక పనిని ముక్కలు చేసి, కొంత ఒక మిషన్ మీద, కొంత ఇంకో మిషన్ మీద చెయ్యొచ్చు, కాకపోతే ఒకే సమయంలో రెండు చోట్ల ఉండకూడదు అనుకుంటే ఏమవుతుందని 1995లో చెన్, వాన్ వ్లీట్, వోగింజర్ లెక్కకట్టారు. మూడు మిషన్లకి ఆ హామీ పంతొమ్మిదికి ఇరవై ఏడు, అంటే సుమారు 1.42. ముక్క చెయ్యకపోతే 1.67. కొందరిని కాస్త తేలిగ్గా ఉంచుతూ, పనిని ముక్కలు చేస్తూ పోతేనే ఈ లాభం.

ఇంటి లెక్క అంతకంటే సులువు. మిషన్ల దగ్గర చూసేది పని ఎప్పుడు ముగిసిందని. ఇంట్లో చూడాల్సింది ఎవరి నెత్తిన ఎంత పడిందని. ఆ మూడు గంటల పనిని మూడు ముక్కలు చేసి తలా ఒకటి తీసుకుంటే? రెండూ ఒకటీ మూడు. ముగ్గురికీ మూడు. అన్నీ ముందే తెలిసిన సర్వజ్ఞుడి లెక్క కూడా మూడే! భవిష్యత్తు తెలియకపోయినా, ఆలస్యంగానైనా, వాడి సరసన నిలబడొచ్చు. పనిని ముక్కలు చెయ్యడానికి ఒప్పుకోవాలి, అంతే.

2023 జనవరిలో మొదలుపెట్టాం. మొదట తప్పు చేశాం. అన్నయ్య నాన్నని హైదరాబాదు తీసుకెళ్ళాడు. మూడు వారాలు నాన్న సరిగా తినలేదు, ముద్ద మాటల్లో "ఇంటికెప్పుడు" అనేది ఒక్కటే స్పష్టంగా వినిపించేది. పని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడానికీ ఖర్చుంటుందని మాకు ఆఫీసులో బాగా తెలుసు. సమాచారం పెద్దదైతే దాన్ని కదపరు, ప్రోగ్రామునే అది ఉన్న చోటికి పంపుతారు. నాన్నని కదపకూడదు, మేమే కదలాలి. నాన్నని వెనక్కి తీసుకొచ్చి, నెలలో మొదటి పది రోజులు అన్నయ్య అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. నేను ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి అయిదారు వారాలు వెళ్ళాను. కొంత సెలవు, కొంత అక్కణ్ణుంచే రాత్రిళ్ళు పని.

ఇక్కడ ఉపయోగపడే ముక్క ఒకటి చెప్తాను. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం ఉంది. యాభై మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో ఏడాది నుంచి పనిచేస్తూ మిగతా అర్హతలున్నవారికి, తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికి కూడా, ఏడాదిలో 12 వారాల వరకు సెలవు దొరుకుతుంది. జీతం ఉండదు, ఉద్యోగం ఉంటుంది. అత్తమామలకి మాత్రం ఈ చట్టం వర్తించదు, కాబట్టి అల్లుళ్ళూ కోడళ్ళూ ఎవరి తల్లిదండ్రులకి వాళ్ళే పెట్టుకోవాలి. నాకు ఈ చట్టం ఉందని పధ్నాలుగు నెలలు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు.

నాన్న పక్కన మంచం వేసుకుని పడుకున్న మొదటి రాత్రే అక్క ఏడాది ఎలా గడిపిందో తెలిసింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మూడున్నరకి మంచినీళ్ళు అడుగుతారు. ఫోనులో అక్క ఇవేమీ చెప్పలేదు. ఆ రోజుల్లోనే నాన్న ఎడమచేత్తో నా తల తడిమి, అరగంట కష్టపడి ఒక మాట అన్నారు. "దానికి ఉద్యోగం ఇప్పించండిరా" అని. అక్క ఉద్యోగం మళ్ళీ రాలేదు. ఆ స్థానంలో వేరే వారిని తీసుకున్నారు. ఇప్పుడు ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెప్తోంది. అది మాత్రం మేం సరిదిద్దలేని నష్టం. ముందే ముక్కలు చేసి ఉంటే తప్పేది.

నాన్న 2024లో వెళ్ళిపోయారు. ఆ రోజు పక్కన ఉన్నది అన్నయ్య. పది రోజుల వంతు అతనిది.

ఈ హాల్లో చాలామందికి ఏడో పని ఇంకా వచ్చి ఉండదు. ఆరు చిన్న పనుల్లోనే ఉన్నారు, సమానంగా పంచుకుంటున్నారు, సంతోషం. పెద్దది ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. ఎవరి నెత్తిన పడుతుందో కూడా చాలావరకు మీ చేతిలో లేదు, దగ్గరున్నవాళ్ళ నెత్తినే పడుతుంది. పడ్డాక అది వాళ్ళదేనని వదిలెయ్యడమా, ముక్కలు చెయ్యడమా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. ఇవాళ ఇంటికెళ్ళాక అక్కకో అన్నయ్యకో తమ్ముడికో ఫోను చేసి, "నీ దగ్గర ఎంత ఉంది, నేను ఎంత తీసుకోను" అని అడగండి. ఇద్దరిని అడిగితేనే భారం సగమవుతుందని లెక్క చెప్పింది కదా.

మా ఆవిడ రెండో వరసలో కూర్చుని ఉంది. ఎన్ని ఇంగ్లీషు ముక్కలు దొర్లాయో లెక్కపెట్టే ఉంటుంది. ఆ లెక్క ఇంటికెళ్ళాక తేల్చుకుంటాం.